ఎడారిలో చమురు గాదెలు

వేటపాలెంలో కొత్త సైకిలు కొన్నవాడి మురిపెం ఒక్క వానాకాలంతో సరి. ఆ తరువాత గొలుసు ఎర్రబడుతుంది. చక్రాల చువ్వలమీద పొడలు లేస్తాయి. కిటికీ ఊచలకు సంక్రాంతికి వేసిన రంగు మళ్లీ సంక్రాంతి రాకముందే పొరలు పొరలుగా లేచిపోయి, గోటితో గీరితే తుప్పు రాలుతుంది. ఒక ప్రక్క రామాపురం సముద్రపు గాలి, మరొక ప్రక్క చినగంజాం ఉప్పుమళ్లు. ఇక ఇనుము బ్రతికేదెట్లా? 1918లో వెలసిన మన సారస్వత నికేతనంలో పాత పత్రికలను చెమ్మనుంచీ చెదలనుంచీ కాపాడుకోవడం ఎంత పనో, ఇంట్లో ఇనుప సామాను కాపాడుకోవడమూ అంత పనే.

ఈ తుప్పు పురాణం ఇప్పుడెందుకంటారా? తెలుగుదేశం నలుమూలలనుంచి కుర్రవాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా, రంగులు వేసేవాళ్లుగా గల్ఫు దేశాలకు వెళుతున్నారు. ఏం పనిరా అబ్బాయీ అని అడిగితే, ట్యాంకు పని అంటారు. ఇంట్లో ఆడవాళ్లకు ట్యాంకంటే మేడమీది నల్లటి నీళ్ల తొట్టి, లేకపోతే ఊరి మంచినీళ్ల ట్యాంకు. ఎడారి గదా, ఎండ ఒక్కటే బాధ కాబోలు అనుకొని, గొడుగూ మజ్జిగా జ్ఞాపకం చేసి ఊరుకుంటారు. ఎండ బాధ కాదని నేనూ అనను. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 సెంటిగ్రేడు డిగ్రీల వేడి నమోదయింది. కాని విచిత్రమేమంటే, త్రాగడానికి గుక్కెడు నీళ్లు దొరకని ఆ నేలమీద చమురు ట్యాంకుకు అసలు శత్రువు ఎండ కాదు, నీరు.

ముందు ఆ ట్యాంకు ఎంతదో చూద్దాము. పెద్ద రకం ముడిచమురు ట్యాంకు అడ్డంగా 80 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు ఉంటుంది. దాని అడుగు ఆక్రమించే నేల ఎకరంపావు. దానిలో పట్టేది సుమారు 10 కోట్ల లీటర్లు. చమురు వర్తకుల లెక్కలో చెప్పాలంటే 6 లక్షల పీపాలకు పైన. ఒక్కొక్క పీపా 159 లీటర్లు. ఇంత సరుకును పట్టి నిలిపే గోడ మందం ఎంత ఉంటుందనుకొన్నారు? అడుగు వరుసలో అంగుళంపావు, మహా అయితే అంగుళంన్నర. బరువంతా మోపేది అడుగుననే గనుక పైకి పోయేకొద్దీ మందం తగ్గుతూ పోయి, చిట్టచివరి వరుసలో అర అంగుళం కూడా ఉండదు. దామాషాన లెక్కవేస్తే కోడిగుడ్డు పెంకే దీనికంటె పది రెట్లకు పైగా మందం!

బావినుంచి చమురు రాత్రింబవళ్లు వస్తూనే ఉంటుంది. ఓడ మాత్రం తన తీరిక చూచుకొని వస్తుంది. ఈ రెంటికీ మధ్య సరుకు దాచడానికి గాదె కావాలి. అదే ట్యాంకు. సౌదీ అరేబియాలో దమ్మాం ఏడవ నంబరు బావిలో 1938 మార్చిలో చమురు పడింది. ఆ ఏడాదే కువైట్‌లో బుర్గాన్ వద్ద పడింది. 1939 మే 1న రస్ తనూరా రేవులో రాజు అబ్దుల్ అజీజ్ స్వయంగా కవాటం త్రిప్పి మొదటి ఓడకు చమురు వదిలాడు. కువైట్ చమురుకు యుద్ధం అడ్డు వచ్చి, మొదటి ఓడ ఎక్కేసరికి 1946 జూన్ 30 అయింది. కువైట్‌వారికి అహ్మదీ గుట్ట కలసివచ్చింది. అది సముద్రమట్టానికి నూరు మీటర్లకు పైన ఉంటుంది. ట్యాంకులు గుట్టమీద కట్టారు, ఓడలు దిగువ రేవులో నిలిచాయి. ఎగువ చెరువునుంచి తూము వదిలితే పొలానికి నీరు పారినట్లు, చమురు దానంతట అదే ఓడల్లోకి దిగేది.

గుట్ట ఉన్నవారి అదృష్టం అందరికీ ఉండదు. గల్ఫు తీరం పొడుగునా సబ్ఖా అనే ఒక తరహా నేల ఉంది. పైన తెల్లగా ఉప్పు పొర, కొద్ది అడుగుల లోతున ఉప్పునీరు. చినగంజాం మళ్లు చూచినవారికి వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. అటువంటి చోట మెత్తటి మన్ను తీసివేసి, మంచి గరపను పొరలు పొరలుగా పోసి రోలరుతో అణచి, గోడ నిలిచే మేర కాంక్రీటుతో నూతి ఒరవంటి గుండ్రటి కట్టు పోస్తారు. కట్టు మధ్య తారు కలిపిన ఇసుక పరుస్తారు. కింది ఉప్పు చెమ్మ ఉక్కును తాకకుండా ఉండడానికే ఈ తంటాలన్నీ. ఇప్పుడు ఆ ఇసుక అడుగున దళసరి ప్లాస్టిక్ దుప్పటి కూడా వేస్తున్నారు.

ఆ ఇసుకమీద ఎకరంపావు మేర ఉక్కు పలకలు ఒకదాని అంచుమీద ఒకటి వచ్చేటట్లు పరచి వెల్డింగు చేస్తారు. అతుకుల్లో సూదిబెజ్జమంత కంత ఉన్నా పనికిరాదు. దానిని పట్టే ఉపాయం చూస్తే మన సైకిలు షాపువాడు గుర్తుకు వస్తాడు. ట్యూబును నీళ్ల బేసినులో ముంచితే పంక్చరు ఉన్నచోట బుడగలు లేస్తాయి గదా! ఇక్కడ అతుకుమీద సబ్బునురుగు పూసి, పైన అద్దమున్న పెట్టె బోర్లించి, పెట్టెలోని గాలిని పీల్చివేస్తారు. కంత ఉంటే అద్దంలోనుంచి బుడగ కనిపిస్తుంది. ఇట్లా జానెడు జానెడు జరుపుకుంటూ మైళ్లకొద్దీ అతుకులు చూడాలి.

గోడలు లేపడంలో రెండు పద్ధతులున్నాయి. క్రేనుతో పలకలు ఎత్తి, అడుగు వరుసమీద రెండవ వరుస, దానిమీద మూడవది నిలబెట్టడం ఒకటి. చిన్న తరహా ట్యాంకులకు వాడే రెండవ పద్ధతి తమాషాగా ఉంటుంది. అన్నిటికంటె పై వరుసను ముందు నేలమీదనే కట్టి, చుట్టూ జాకీలు పెట్టి ఎత్తి, దాని కింద తరువాతి వరుస అతుకుతారు. మళ్లీ ఎత్తి మరొకటి. ఇల్లు కప్పునుంచి పునాదికి కట్టుకు వచ్చినట్లన్న మాట! మనిషి నేలమీద నిలబడే పని చేయవచ్చు గనుక పడిపోతాడన్న భయం తక్కువ.

ఎండవేళ ఉక్కు సాగుతుంది. ప్రొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కొద్దిగా ఉబ్బుతాయి. అందుచేత గోడ సరిగ్గా గుండ్రంగా వచ్చిందో లేదో కొలిచే పని తెల్లవారకముందే ముగించుకుంటారు. వెల్డింగు పుల్లలది మరొక గొడవ. ఎడారి అంటే పొడిగా ఉంటుందని మనం అనుకుంటాము గాని, గల్ఫు తీరంలో వేసవి రాత్రులు గాలి నిండా చెమ్మే. పుల్లకు ఆ చెమ్మ తగిలితే అతుకులో కంటికి కనబడని పగుళ్లు పుడతాయి. కాబట్టి పుల్లలను పొయ్యివంటి పెట్టెలో వెచ్చగా ఉంచి, కొద్దికొద్దిగా తీసి వాడుకుంటారు. మిట్టమధ్యాహ్నం మాడిపోతూ పుల్లలు వెచ్చబెట్టుకోవడమేమిటని కొత్తగా వచ్చినవాడు నవ్వుకుంటాడు. ఎక్స్‌రే తీసిన తరువాత అతుకు కోసి మళ్లీ వేయమన్నప్పుడు ఆ నవ్వు ఉండదు.

కట్టడం అయిన తరువాత ట్యాంకును ముందుగా నీళ్లతో నింపి చూస్తారు. చమురుకంటె నీరు బరువు. నీటికి ఓర్చుకొన్న గోడ చమురుకు లొంగదు. బరువు పెరిగేకొద్దీ నేల ఎక్కడ ఎంత దిగుతున్నదో చుట్టూ గుర్తులు పెట్టి కొలుస్తారు. ఎడారిలో 10 కోట్ల లీటర్ల నీరంటే మాటలా? అందుకని ఒక ట్యాంకులోని నీటినే ప్రక్క ట్యాంకులోకి తోడి వాడుకుంటారు. సముద్రపు నీరు వాడవలసివస్తే పరీక్ష కాగానే వదిలేసి, మంచినీటితో కడుగుతారు. నిలవ ఉంచితే ఉప్పు వెంటనే తన పని మొదలుపెడుతుంది.

ఇక ట్యాంకు ఊపిరి సంగతి. మూత బిగించిన ట్యాంకు పగలు వేడికి లోపలి ఆవిరి ఉబ్బి బయటికి వదులుతుంది. రాత్రి చల్లబడి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ ఉండే ఎడారిలో ఈ ఊపిరి మరీ ఎక్కువ. వదిలిన ప్రతి ఊపిరితోనూ ఖరీదైన సరుకు గాలిలో కలిసిపోతుంది; పీల్చిన ప్రతి ఊపిరితోనూ రాత్రి చెమ్మ లోపలికి దిగుతుంది. ఊపిరి తీసే గొట్టం మూసుకుపోతే మరొక ప్రమాదం. లోపలినుంచి చమురుకు ఓర్చే గోడ, లోపల గాలి లేకపోతే ఓర్వలేదు. రంగు వేసేవాళ్లు గొట్టానికి ప్లాస్టిక్ సంచి కట్టి, విప్పడం మరిచిపోయి, ఆ తరువాత పంపు నడిపితే ఖాళీ డబ్బాలాగా నొక్కుకుపోయిన ట్యాంకులు లోకంలో లేకపోలేదు.

ఈ ఊపిరి బాధ తప్పించడానికే 1920 ప్రాంతాల అమెరికాలో తేలే పైకప్పు పుట్టింది. కప్పు చమురుమీద పడవలాగా తేలుతూ, సరుకుతోపాటు పైకీ కిందికీ వెళుతుంది. మధ్య ఖాళీయే లేనప్పుడు ఆవిరికి చోటెక్కడ? కప్పు అంచుకూ గోడకూ మధ్య జానెడు సందును మెత్తటి పట్టీతో మూస్తారు. ఎడారి కష్టాలన్నీ ఆ జానెడు సందులో చేరతాయి. షమాల్ అనే వాయవ్యపు గాలి వేసవిలో రోజుల తరబడి వీచి, కప్పుమీద ఇసుక మేటలు వేస్తుంది. ఇసుక పట్టీని గీరివేస్తుంది, కప్పుమీది నీరు పోయే గొట్టం మూసివేస్తుంది. వాన ఏడాదికి నాలుగుసార్లు పడితే గొప్ప. పడితే మాత్రం కుండపోతగా పడుతుంది. ఆ వేళకు కాపలావాడు కవాటం తెరవడం మరచినా, గొట్టం పూడిపోయినా కప్పు ఒక ప్రక్కకు ఒరిగి మునుగుతుంది. అందుకని ఆకాశంలో మబ్బు తునక లేని రోజుల్లోనూ పారలతో, చీపుళ్లతో కప్పు ఊడ్చే పని తప్పదు. గల్ఫుకు పోయి ఇసుక ఊడుస్తున్నానని కుర్రవాడు చెబితే నామోషీ అనుకోవద్దు. చాలా పెద్ద పనే చేస్తున్నాడు.

రంగు వేయడానికీ ముహూర్తం కావాలి. ముందు గరుకు రవ్వను గాలితో కొట్టి పాత తుప్పు దులుపుతారు. దులిపిన ఉక్కు పసిపిల్ల చర్మంవంటిది. ఆ పూటే రంగు పడాలి. పగలు చేయి పెడితే బొబ్బలెక్కే ఉక్కుమీద రంగు పరచుకోకముందే ఆరిపోతుంది. రాత్రి మంచు పడుతుంది. గాలిలోని చెమ్మ మంచుగా మారే వేడికంటె ఉక్కు కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటే తప్ప కుంచె పట్టరాదని నియమం. ఈ రెంటి మధ్య మిగిలే కాస్త వ్యవధిలో పని సాగాలి. తెలుపు రంగే ఎందుకంటే ఎండను వెనక్కి కొడుతుంది గనుక.

ఇవి బయటి బాధలు. లోపల మరొకటి ఉంది. భూమిలోనుంచి చమురుతోపాటు ఉప్పునీరూ వస్తుంది. ఎంత వేరుచేసినా కొంత మిగిలి, ట్యాంకులో నిలిచినప్పుడు మెల్లగా అడుగుకు దిగుతుంది. దానిని రోజూ వంచివేయాలి. లేకపోతే అడుగు పలకలు తొర్రలు పడతాయి. మన తల్లులు ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించినట్లే, ట్యాంకు అడుగుకు గాజుపొరలు కలిపిన ఎపాక్సీ పూత వేస్తారు. బకెట్టుకు పూసిన జింకు తాను కరిగి ఇనుమును కాపాడినట్లు, లోపల జింకు, అల్యూమినియం దిమ్మెలు అమర్చి తుప్పు వాటిని తినేటట్లు చేస్తారు.

ఆ అడుగు నీరు తుప్పుతో ఊరుకుంటే బాగానే ఉండును. కాగిన నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుందో గారెలు వండిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. ట్యాంకు అంటుకొని గంటల తరబడి మండితే, వేడి మెల్లగా కిందికి దిగి అడుగు నీటిని చేరుతుంది. నీరు ఒక్కసారిగా ఆవిరైతే పదహారు, పదిహేడు వందల రెట్లు ఉబ్బుతుంది. మండుతున్న చమురంతా ఆకాశానికి ఎగజిమ్ముతుంది. 1982 డిసెంబరు 19న వెనిజులా దేశంలో తకోవా అనేచోట ఇట్లాగే జరిగి 150 మందికి పైగా చనిపోయారు. మంటలు ఆర్పవచ్చినవారూ, వేడుక చూడవచ్చినవారూ అందులో ఉన్నారు.

ఎడారి చమురు మనకూ ఉంది. రాజస్థాన్ బాడ్మేరులో 2004లో కనుగొన్న మంగళ క్షేత్రంనుంచి 2009 ఆగస్టు 29న ఉత్పత్తి మొదలయింది. ఆ చమురులో మైనం పాలు ఎక్కువ. చలికాలం నెయ్యిలాగా పేరుకుంటుంది. అందుచేత ఎడారిలోనే దానిని వెచ్చబెట్టి, గుజరాత్ తీరం దాకా సుమారు 670 కిలోమీటర్ల గొట్టం పొడుగునా వెచ్చగానే పంపవలసి వచ్చింది.

నీరు శత్రువని ఇంతసేపూ చెప్పాను. నీరే మిత్రమైన చోటు మన విశాఖపట్నంలో ఉంది. అక్కడ కొండరాతి అడుగున గుహలు తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిలవచేసే ఏర్పాటు 2015లో అమలులోకి వచ్చింది. చుట్టూ రాతి నెరియల్లో నీటిని ఒత్తిడితో నింపి ఉంచుతారు. నీరు లోపలికి నొక్కుతూ ఉంటుంది గనుక చమురు బయటికి పోలేదు. రంగు అక్కరలేదు, ఇసుక ఊడ్వనక్కరలేదు. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలు కూడా కలుపుకొంటే 53.3 లక్షల టన్నులు. ట్యాంకు గాదె అయితే ఇది పాతర.

పాతర అంటే ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. పల్నాటి వైపు జొన్నలు పోసి భూమిలో పూడ్చే గొయ్యి. పాతర తవ్విన వెంటనే ఎవరూ దిగేవారు కాదు. కొంతసేపు తెరచి ఉంచి, దీపం దించి చూచేవారు. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్లు. పాడుపడ్డ బావికీ ఇదే పద్ధతి. ఈ జాగ్రత్త మరచి ఒకడు దిగి పడిపోవడం, వాడిని తీయబోయి తమ్ముడు, తమ్ముణ్ణి తీయబోయి మేనమామ ప్రాణాలు పోగొట్టుకోవడం పత్రికల్లో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాము.

చమురు ట్యాంకు కూడా ఒక పాతరే. సుమారు పదేళ్లకొకసారి దానిని ఖాళీ చేసి, అడుగున చేరిన మడ్డి తీసి, పలకలు తనిఖీ చేయాలి. ఈ రోజుల్లో చమురునే చిమ్మి మడ్డిని కరిగించే యంత్రాలు, మరమనుషులు వచ్చాయి గాని, ఆఖరుకు మనిషి దిగక తప్పని పని కొంత ఉంటుంది. ట్యాంకు పనుల్లో ప్రాణంతో చెలగాటం ఇదే. ఇక్కడ దీపం దించితే దీపమే మృత్యువు. అందుచేత చేతిలో పట్టే గ్యాసు మీటరే దీపం.

అది మూడు సంగతులు చెప్పాలి. ప్రాణవాయువు గాలిలో మామూలుగా నూటికి 20.9 పాళ్లు ఉంటుంది, 19.5కు తగ్గరాదు. మండే ఆవిరి, అంటుకొనే హద్దులో పదోవంతుకు మించరాదు. మూడవది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. అది పది లక్షల పాళ్లలో 10 పాళ్లు దాటరాదు. ఈ మూడవదే మాయలాడి. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 100 పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి, కంపు పోయింది గదా అనిపిస్తుంది. 1000 దగ్గర మనిషి కూలిపోవడానికి క్షణాలు చాలు. పైగా ఉదయం మీటరు బాగుందన్నంత మాత్రాన చాలదు. మడ్డిని పారతో కదిపితే అడుగున అణగి ఉన్న వాయువు మళ్లీ లేస్తుంది. గోడలకు పట్టిన నల్లటి గంధకపు తుప్పు ఆరితే దానంతటదే రాజుకుంటుంది గనుక తడుపుతూ ఉండాలి.

ట్యాంకుకు కలిసే గొట్టాలన్నిటికీ ఇనుప బిళ్లలు అడ్డంపెట్టి బిగించాలి. కవాటం కట్టేశామంటే చాలదు. బ్లోయర్లు ఆగకుండా తిరగాలి. మ్యాన్‌హోలు దగ్గర ఒక మనిషి పని ముగిసేవరకూ కదలకుండా నిలబడాలి. లోపలివాడు పడిపోతే అతడు చేయవలసింది ఒక్కటే: గంట మోగించి, సిలిండరు కట్టుకొన్న రక్షకులను పిలవడం. తాను మాత్రం దిగరాదు. చెప్పడం తేలిక. పడినవాడు అన్నం పంచుకొన్న స్నేహితుడైతే? ఇటువంటి మూతచోట్ల చనిపోయినవారిలో నూటికి అరవైమందికి పైగా, మొదట పడ్డవాడిని తీయబోయినవారేనని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1986లోనే లెక్క తేల్చింది.

ఎండ విషయంలో కొన్ని చట్టాలున్నాయి. కువైట్‌లో జూన్ మొదటినుంచి ఆగస్టు చివరవరకు పగలు 11నుంచి 4వరకు, సౌదీలో జూన్ 15నుంచి సెప్టెంబరు 15వరకు 12నుంచి 3వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదు. మన ప్రభుత్వం తరఫున, పది చదవక ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుమీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంది. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు. ఆ కాగితం నకలు ఇంట్లో బీరువాలో ఉందో లేదో ఈ రాత్రికే చూచుకోండి. అబ్బాయి పెట్టెలో ఉంటే ఎవరికి ప్రయోజనం?

కువైట్‌లో సాయంత్రం ఆరయితే మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఫోను వచ్చే వేళ. అన్నం తిన్నావా అని అడిగిన తరువాత, లోపలికి దిగేముందు మీటరు పెట్టారా, ఎన్నిసార్లు పెట్టారు, బయట ఎవరు నిలబడ్డారు అని కూడా అడగండి. సరిగ్గా నడిచే చోట మ్యాన్‌హోలు ప్రక్కన ఒక పుస్తకం ఉంటుంది. ఒక వరుసలో లోపలికి వెళ్లినవారి పేర్లు, వేళలు. రెండవ వరుసలో బయటికి వచ్చినవారివి. సాయంత్రం రెండు వరుసలూ సరిపోయేవరకు ఎవరూ క్యాంపు బస్సు ఎక్కరు.